రెండు చూపుల డబ్బా

మల్లిక మీద నాకు కుళ్ళు. ఎవరో వెనక నుంచి అనేకంటే నేనే ముందు అనేస్తే ఒక పని అయిపోతుంది. మల్లిక మా మరిది నరసింహ పెళ్ళాం, నాకు యారాలు. నాకంటే పదేళ్ళు చిన్నది. నల్లగొండలో ఐటీఐ చదివి, అక్కడే కెమెరాలూ అలారాలూ బిగించే దుకాణంలో రెండేళ్ళు పనిచేసి, తర్వాత కేతేపల్లి పక్కనున్న మా ఊరికి కోడలిగా వచ్చింది. గొర్రె ఈనుతుంటే పిల్లను ఎటువైపు నుంచి పట్టుకోవాలో తెలియదు. అయినా ఆరు నెలలు తిరిగేసరికి ఇంట్లో దాని మాట చెల్లడం మొదలైంది. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పెద్దలు ఊరికే అనలేదు.

మా ఇంటికి నూట నలభై గొర్రెలు, ఏడు మేకలు. మామ పోయినప్పటి నుంచీ మంద పెత్తనం మా అత్త గుర్వమ్మది. ఎండాకాలం మందను ఎవరి పొలంలో ఎన్ని దినాలు ఆపాలి, ఏ పోతును అమ్మాలి, ఏ పిల్లను సాకాలి, అన్నీ ఆమె నోటిమాటే. ఇప్పుడు ఆమెకు మోకాళ్ళు అరిగిపోయాయి. పొలం గట్టు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి. మొన్న ఉగాది పచ్చడి తాగుతూ చెప్పింది, వానలు మొదలయ్యే మిరుగం కార్తె నాటికి పెత్తనం ఇద్దరు కోడళ్ళలో ఒకరికి అప్పజెబుతానని.

"కొడుకులకు ఎందుకియ్యవే?" అని మా ఆయన గాలయ్య నవ్వుతూనే అడిగాడు.

"మీకిస్తే పోతులమ్మి బండ్లు కొంటరు" అంది మా అత్త.

ఆ రోజు నాకు ఫికరే లేదు. పన్నెండేళ్ళుగా ఆ మంద వెనక నడిచింది నేను. కాలికి పుండైన గొర్రెను భుజాల మీద వేసుకుని మూసీ కాలువ దాటింది నేను. గొంగడి కప్పి, కర్ర చేతికిచ్చి, "ఇగ నీదే బిడ్డా" అని మా అత్త అనే మాట కోసం నేను ఎన్ని ఎండలు ఓర్చుకున్నానో నాకే తెలుసు. ఇంకెవరికి ఇస్తుంది అనుకున్నాను. ఆ తర్వాతే ఈ డబ్బాలు వచ్చాయి.

పోయిన ఏడు మా మందలో తొమ్మిది గొర్రెలు పోయాయి. ట్రాలీ ఆటో తెచ్చి, మంద చుట్టూ కట్టిన వల కోసి ఎత్తుకుపోయారు. చుట్టుపక్కల ఊళ్ళలోనూ అలాగే పోతున్నాయి. మందకు కాపలా ఉన్న మా ఆయనకు అప్పుడు జ్వరం, మెలకువ రాలేదు. దాన్ని తలచుకుని మా అత్త ఇప్పటికీ అన్నం ముందు కూర్చుని నిట్టూరుస్తుంది. మల్లిక ఆ మాటే పట్టుకుంది. పాత దుకాణం వాళ్ళను అడిగి, మనిషి కదిలితే కనిపెట్టి కూత పెట్టే డబ్బాలు రెండు తెచ్చింది.

"ఇండ్లకు పెట్టే డబ్బాలు గొర్రెల మందకెందుకు?" అన్నాను నేను.

"ఇవి బయట పెట్టేటివే అక్కా. ఒంటి వేడిని బట్టి చూస్తయి" అంది.

చెప్పడం మొదలుపెడితే దానికి అలుపుండదు. ఒక్కో డబ్బాకు రెండు చూపులట. ఒకటి కింద, ఒకటి నడుమెత్తున. గొర్రె దాటితే కింది చూపుకే దొరుకుతుంది, అప్పుడు డబ్బా నోరు మూసుకుంటుంది. మనిషి దాటితే రెండు చూపులకూ ఒకేసారి దొరుకుతాడు, అప్పుడు కూత పెడుతుంది, మా ఆయనదీ మరిదిదీ దానిదీ ఫోన్లు మోగుతాయి. కుక్కకూ నక్కకూ మోగి మనుషుల్ని ఊరికే పరుగెత్తించకుండా ఇలా చేశారట. మా అత్త నోరు తెరుచుకుని విన్నది. పన్నెండేళ్ళలో నేను చెప్పిన ఏ ముచ్చటా ఆమె అలా వినలేదు.

డబ్బాలు బిగించడం ఒక ఎత్తు, వాటి నోరు మూయించడం ఇంకో ఎత్తు. ఇల్లయితే ఒకసారి బిగిస్తే అయిపోయె. మంద ఒకచోట ఉండదు కదా. ఎరువు కోసం రైతులు పిలుస్తారు. మూడు దినాలు ఒక పొలంలో, నాలుగు దినాలు ఇంకో పొలంలో. పోయిన చోటల్లా వల పాతాలి, వలతో పాటు డబ్బాలు బిగించే ఇనుప గొట్టాలు రెండు పాతాలి, వల వెంబడే చూసేటట్టు డబ్బాలను తిప్పాలి.

మొదట భిక్షం పొలంలో పెట్టింది. పొద్దుగూకే వేళకు డబ్బా కూత పెట్టింది. మా ఆయనా మరిదీ అన్నం చేతులతోనే ఊళ్ళో నుంచి ఉరికి వచ్చారు. చూస్తే ఏమీ లేదు. ఇంకో పావుగంటకు మళ్ళీ కూత. నాకు కడుపు నిండినట్టు అయింది. ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. తెల్లారి మల్లిక పొలంలో కూర్చుని పొద్దు ఎటు నుంచి ఎటు పోతున్నదో పొద్దంతా చూసింది. సాయంత్రానికి ఆ గొట్టాన్ని పీకి ఇంకో మూల పాతింది.

"పడమర దిక్కు మొఖం పెట్టిన అక్కా, నాదే తప్పు. పొద్దు సూటిగ దాని కంట్ల వడ్డది" అంది.

ఆ రోజు డబ్బా నోరెత్తలేదు. నాకు ముద్ద దిగలేదు.

రెండో పొలంలో తుమ్మకొమ్మ ఊగితే మోగింది, కొమ్మ కొట్టించింది. ఆ పక్కనే ఏనుగంత రాతిగుండు ఉంది. పగలంతా కాగి, పొద్దుగూకాక వేడి కక్కుతుంది. దాని ముందు నుంచి గాలికి గడ్డి ఊగితే కూడా మోగింది. గుండుకు డబ్బా వీపు తిప్పింది, గడ్డి కోయించింది. గొట్టం గాలికి కదిలితే మోగుతుందని దాని అడుగున చుట్టూ రాళ్ళు పేర్చింది, నేల వాలుగా ఉంటే కింది చూపు పైకి పోతుందని నీళ్ళసీసా అడ్డంగా పెట్టి మట్టం చూసింది. ఎండలు బాగా ముదిరితే నేల కూడా మనిషి ఒంటంత వేడెక్కుతుందట, అప్పుడు డబ్బా మనిషిని సరిగా గుర్తుపట్టదట. అందుకని డబ్బాల మీద రేకుముక్క వంచి నీడ కట్టింది. వారం తిరిగేసరికి ఉత్త కూతలు బంద్ అయ్యాయి. దొంగలు వచ్చింది లేదు, మా ఆయన మాత్రం పడుకుంటే హాయిగా గురక పెట్టడం మొదలుపెట్టాడు.

"మల్లికకు ఉన్న తెలివిల నీకు సగమున్నా మనం ఎక్కడ్నో ఉంటుంటిమి" అన్నాడు ఒకరోజు నాతోనే, రొట్టె తుంచుకుంటూ.

పుండు మీద కారం అంటారే, అదే. ఆ రొట్టె చేసిన చేతులు నావి. మా అత్త కూడా మందకు వచ్చినప్పుడల్లా గొర్రెలను చూడడం మానేసి డబ్బాలను చూస్తూ కూర్చునేది. "గీ పిల్ల వచ్చినంక నిద్ర వడ్తాంది" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పేది. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను చూసి, ఇగ పెత్తనం చిన్నకోడలికేనట కదా అని అడగడం మొదలుపెట్టారు. అడిగేవాళ్ళ నోట్లో మన్ను పడ. నాకు తల తీసి మొలేసినట్టు ఉండేది.

మూడో పొలం రైతు మందను వారం ఉంచమన్నాడు, అక్కడ జరిగిందే అసలు సంగతి. మొదటి రోజు నేను తప్పు చేయలేదు, అది ముందే చెబుతున్నాను. మగవాళ్ళు ఇంటికి పోయి తిని వచ్చేదాకా మంద దగ్గర నేను ఉంటాను. పొద్దు వాలుతున్నది. డబ్బా చూపులో పడకుండా వలకు మూరెడు ఎడంగా నిలబడ్డాను, పళ్ళు తోముకోవడానికి పనికొస్తుందని తెచ్చుకున్న వేపమండ నా చేతిలో ఉంది. మా మేకల్లో ఒకటి బొల్లిది, ముఖం మీద తెల్లచార, తిండి మీద ఆశ ఎక్కువ. అది చూసి వల దగ్గరకు వచ్చి, వెనక కాళ్ళ మీద లేచి, ముందరి కాళ్ళు వల మీద వేసి నా చేతిలోని ఆకు అందుకుంది. అంతే, డబ్బా ఊరంతా వినపడేటట్టు కూత పెట్టింది.

మల్లిక నరసింహ బండి మీద వచ్చింది. పొద్దు చూసింది, కొమ్మలు చూసింది, గొట్టం ఊపి చూసింది. మట్టం చూసింది. దానికేమీ దొరకలేదు.

"అక్కా, నువ్వు గిక్కడ్నే ఉన్నవు గద, ఏమన్నా కండ్లవడ్డదా?"

"నాకేం తెల్వది. నీ డబ్బా, నీ తెలివి" అన్నాను.

గొర్రె నాలుగు కాళ్ళ మీదే ఉంటుంది, మేక ఆకు కనిపిస్తే రెండు కాళ్ళ మీద లేస్తుంది. మా ఇళ్ళల్లో పాలు తాగే పిల్లకు కూడా ఇది తెలుసు. నల్లగొండ దుకాణంలో మాత్రం ఎవరూ చెప్పలేదు. దానికి తెలియని ఒక్క సంగతి నాకు తెలుసన్న సంతోషంతో ఆ రాత్రి నాకు ఎంత కమ్మటి నిద్ర పట్టిందో.

రెండో రోజు వేపమండ ఒకటి ఎక్కువే తెంపుకున్నాను. ఆ రోజుది తప్పే. మేకను పిలిచి, ఎడంగానే నిలబడి మండను వల మీదికి ఎత్తి పట్టుకున్నాను. బొల్లిది లేచింది, డబ్బా మొత్తుకుంది, ఊళ్ళో నుంచి మనుషులు ఉరికారు. మూడో రోజూ అంతే. నాలుగో రోజు మరిది విసుక్కున్నాడు. ఐదో రోజు మా ఆయన రానే లేదు. "మోగనీ తియ్, దాని రోగమే గది" అని ఫోన్‌లోనే అన్నాడు. మల్లిక కళ్ళ కింద నల్లచారలు వచ్చాయి. తిండి దగ్గర కూర్చుంటే డబ్బా గురించే ఆలోచన. మా అత్త కూడా మల్లికను వింతగా చూడడం మొదలుపెట్టింది.

"గిట్లనే మోగితే శుక్రవారం నాడు పీకి అవతల పెట్టుండ్రి. ఉత్తగ మొత్తుకునే కుక్కను ఎవ్వలు సాదుతరు?" అంది.

ఆ మాట నా చెవుల్లో తేనె పోసింది. శుక్రవారం ఇంకా రెండు దినాలే ఉంది.

గురువారం పొద్దున్నే మల్లిక మా అత్త మంచం దగ్గర కూర్చుని ఉంది. నేను చాయ్ గ్లాసులు తీసుకుని పోయేసరికి మా అత్త ముఖం వెలుగుతున్నది.

"దొరికిందట అండాలూ. మేక లేసి నిలవడుతాందట. డబ్బను జానెడు మీదికి జరిపిందట, పొద్దుగాల మేకను లేపి సూసిందట, మోగలేదట. నువ్వే కనిపెట్టి చెప్పినవట గద బిడ్డా, మంచిగ చేసినవు."

చాయ్ గ్లాసులు కింద పెట్టాను. మల్లిక నా వైపు చూడలేదు.

"అక్క చెప్పకపోతే నాకు ఈ జన్మల తెలుస్తుండెనా అత్తా? మంద సంగతి అక్కకు తెలిసినట్టు ఎవలకు తెలుస్తది" అంది మెల్లగా.

"నేను గదే అనుకుంట. సాయంత్రం నన్ను మందకాడికి తీస్కపోండ్రి. మిరుగం దాంక ఎందుకు, ఇయ్యాల్నే ఇచ్చేస్త" అంది మా అత్త, నా తల నిమిరి. పన్నెండేళ్ళలో ఆమె నా తల నిమరడం అదే మొదలు.

మధ్యాహ్నం దొడ్లో మల్లిక బట్టలు ఉతుకుతుంటే పోయి దాని ముందు నిలబడ్డాను.

"నీకెవలు చెప్పిండ్రే మేక సంగతి?"

"నిన్న నా పాత ఫోన్ గొట్టానికి కట్టిన అక్కా, వీడియో పెట్టి. ఏం వచ్చి పోతాందో సూద్దామని."

అంటే అంతా చూసింది. నేను మేకను పిలవడం, మండ ఎత్తి పట్టుకోవడం, డబ్బా మోగగానే ఒక్కదాన్నే నవ్వుకోవడం.

"ఎవలకన్నా సూపెట్టినవా?"

"లే. తీసేసిన."

అని చీర పిండి తీగ మీద వేసింది. తిడుతుందేమో, బెదిరిస్తుందేమో అని చూశాను. తిడితే నా దగ్గర దానికి పదింతలు మాటలున్నాయి. అది అక్కడి నుంచి పోయింది.

పొద్దుగూకే ముందు మా అత్తను నరసింహ బండి మీద తీసుకొచ్చాడు. అందరం మంద దగ్గర నిలబడ్డాం. మామ కప్పుకునే నల్ల గొంగడి మా అత్త తెచ్చింది. కర్ర నా చేతికిచ్చింది, గొంగడి నా భుజం మీద వేసింది. "ఇగ నీదే బిడ్డా" అంది. ఆ మాట ఎలా ఉంటుందో అని నేను ఎన్నోసార్లు నాలో నేనే అనుకున్నాను. ఎంత సంతోషపడతానో అనుకున్నాను. తల ఎత్తితే ఎదురుగా మల్లిక నవ్వుతున్నది. ఆ నవ్వులో వెటకారం ఉంటే ఓర్చుకునేదాన్ని. మంచిగానే నవ్వుతున్నది. తెలివి దానిదే, మంచితనమూ దానిదేనా? పెత్తనం కూడా అది పెడితే నేను తినాలా? బతికినన్నాళ్ళూ ఆ గొంగడి కప్పుకున్నప్పుడల్లా ఇది అది ఇచ్చిందే అని గుర్తుకు రావాలా? నా ఒళ్ళు మండిపోయింది.

గొంగడి తీసి మా అత్త కాళ్ళ ముందు వేశాను.

"నేనేం చెప్పలే. దానికి నేను ఒక్క ముక్క చెప్పలే. నాలుగు దినాల సంది మేకను లేపింది నేనే. వేపమండ చూపెట్టి లేపిన. గీ డబ్బా పనికి రాదనాలె, పెత్తనం నాకు రావాలె అని లేపిన. అది వీడియోల సూసింది. సూసి నా పేరు నిలవెట్టింది. దాని ధర్మం నాకొద్దు."

మా ఆయన నేల చూస్తున్నాడు. మల్లిక ముఖం పాలిపోయింది. మా అత్త నా వైపు తిరిగింది.

"మేకను లేపి ఎవల్ని పండవెడ్దామనుకున్నవే?" అంది.

మా అత్త వంగలేక వంగి గొంగడి తీసి, దులిపి, మల్లిక భుజం మీద వేసింది. కర్ర నేనే దాని చేతికిచ్చాను. ఇంటికి వచ్చి మూలకు కూర్చుని ఏడ్చాను. నోరు మూసుకుని ఉంటే పోయేది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

తెల్లారి మంద దగ్గరకు పోను అనుకున్నాను. కాళ్ళు వినలేదు, పన్నెండేళ్ళ అలవాటు కదా. పోయేసరికి మా ఆయన చాయ్‌కి ఊళ్ళోకి పోయాడు, మల్లిక ఒక్కతే వల చుడుతున్నది. మనిషి కంటే గొంగడి పెద్దగా ఉంది. నేను దూరంగా గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను.

వల తీసింది. ముందుకు నడిచి మందను పిలిచింది. గొర్రెలు కదలలేదు. మళ్ళీ పిలిచింది. నాలాగే పిలవబోయింది గానీ గొంతు వేరే. వెనక నుంచి తోలబోతే రెండు ముక్కలుగా చీలి దాని పక్క నుంచి జారుకుని మళ్ళీ ఒకటయ్యాయి. నాలుగుసార్లు అలాగే అయింది. చివరికి మంద మొత్తం గట్టు మీద ఉన్న నా వైపే ముఖం తిప్పి నిలబడింది.

మల్లిక కర్ర నేలకు ఆనించి నిలబడిపోయింది. ఏడుస్తున్నదని దగ్గరకు పోయాక గాని తెలియలేదు.

"పెండ్లయి వచ్చినకాడికెల్లి చూస్తున్న అక్కా" అంది ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు దగ్గితే సుత గొర్రెలు తలెత్తుతయి. నేను గడ్డి పట్టుకొని పోయినా దూరం జరుగుతయి. అత్త సుత ఏ గొర్రెకు ఏమైనా అండాలును పిలువుమంటది, నన్ను పిలువది. నిన్ను చూస్తే నాకు కడుపుల మండుతుండె. గందుకే గా డబ్బలు తెచ్చిన. మంద నా మాట ఇనకపోతే పాయె, డబ్బన్నా ఇంటది గదా అని."

నన్ను చూసి ఒకరు కుళ్ళుకుంటారని నా జన్మలో అనుకోలేదు.

"మరి వీడియో ఎందుకు తీసేసినవ్?"

"నీ జాగాల నేనున్నా గదే చేస్తుంటి. సిగ్గయింది."

సిగ్గు విడిచి ఉన్నమాట చెబుతాను, మొదట నాకు జాలి కలగలేదు. ఆరు నెలలుగా మండుతున్న కడుపు మీద ఎవరో చల్ల పోసినట్టు అయింది. ఆ చల్లదనాన్ని కాసేపు అలాగే అనుభవించాను.

తర్వాత నాలుక అంగిటికి ఆనించి ఒక్కసారి పిలిచాను. నూట నలభై గొర్రెలూ ఏడు మేకలూ దాని రెండు పక్కల నుంచి దాటుకుంటూ నా దగ్గరకు వచ్చేశాయి. దాని ముఖం వైపు చూడకుండా ఉండలేకపోయాను. గొంగడి కప్పుకుని, కర్ర పట్టుకుని, దుమ్ములో నిలబడి, మందను చూడడం లేదు, నన్ను చూస్తున్నది. ఆ చూపు నాకు కొత్త కాదు. మా అత్త డబ్బాలను మెచ్చుకున్నప్పుడల్లా నేను దాన్ని చూసిన చూపే.

"గట్ల పిలుసుడు నాకు నేర్పుతవా అక్కా?" అంది.

"ఇయ్యాల కాదు" అన్నాను. "రేపు సూద్దాం."